గర్భసంచి జారిన వాళ్లకు రింగు సంగతి ఎందుకు చెప్పరు?

సంపాదకులకు నమస్కారం.

ఆరోగ్య పేజీలకు స్త్రీలు రాసే ప్రశ్నల్లో ఒకటి తరచూ కనిపిస్తుంది. 'కింద ఏదో ముద్దలా తగులుతోంది. పొద్దున ఉండదు, సాయంత్రానికి దిగుతుంది, పడుకుంటే లోపలికి పోతుంది. గర్భసంచి తీసేయాలన్నారు. తీయించుకోవాలా?' అని. జవాబు ఎక్కువసార్లు 'ఆపరేషన్ చేయించుకోండి, వాయిదా వేయకండి' అని ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఆ ముక్కకు ముందు చెప్పాల్సింది చాలా ఉంది. స్త్రీవైద్యం, ఫిజియోథెరపీ, నర్సింగ్ పనుల్లో ఉన్న కొందరం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. కాస్త పొడవైంది. కత్తిరించక తప్పదనుకుంటే రింగు (జారిన భాగాన్ని పైనే ఆపేందుకు యోనిలో పెట్టే చక్రం) గురించి రాసిన భాగం మాత్రం ఉంచమని మనవి.

'గర్భసంచి జారింది' అని అందరం ఒకే మాట వాడతాం గానీ ప్రతిసారీ దిగేది గర్భసంచి కాదు. ఎక్కువమందిలో వదులయ్యేది యోని ముందుగోడ. దాన్ని ఆనుకుని ఉండే మూత్రాశయం ఆ గోడతోపాటు ఉబ్బి కిందికి వస్తుంది. వెనకగోడ వదులైతే మలాశయం ముందుకు ఉబ్బుతుంది. అలాంటి వాళ్లకు విరేచనం సగంలో ఆగినట్టుంటుంది, కొందరు వేలితో ఒత్తుకుంటే గానీ పూర్తికాదు. గర్భాశయ ముఖద్వారం, దానితోపాటు గర్భసంచి దిగడం మరో రకం. గర్భసంచిని ఎప్పుడో తీసేసిన వాళ్లలో యోని పైకొన తిరగబడి కిందికి రావడం ఇంకో రకం. ఒకే మనిషిలో రెండు మూడు కలిసి ఉండటం మామూలే. ఏ భాగం దిగిందో దాన్నిబట్టి వైద్యం మారుతుంది కాబట్టి ఆ సంగతి ఓపీ చీటీ మీద రాసి ఉండాలి.

ఈ అవయవాలను మూడు అంచెల్లో పట్టి ఉంచే ఏర్పాటు ఒకటి ఒంట్లో ఉంది. పైన, గర్భాశయ ముఖద్వారాన్ని వెనక త్రికాస్థి (వెన్నెముక అడుగున ఉండే వెడల్పు ఎముక) వైపుకూ పక్కలకూ కట్టి ఉంచే బంధనాలు. మధ్యలో, యోని గోడలను రెండు పక్కలా పట్టి ఉంచే పొర. అడుగున, ముందున్న జఘనాస్థి (పొత్తికడుపు కింద చేతికి తగిలే ఎముక) నుంచి వెనక తోక ఎముక దాకా పరుచుకున్న కండరాలు. కాన్పులో బిడ్డ తల దిగేటప్పుడు ఈ అడుగు కండరంలో కొంత భాగం దాదాపు మూడు రెట్లు సాగుతుంది. కొందరిలో, ముఖ్యంగా ఫోర్సెప్స్ (పట్టకారు లాంటి పరికరం) వేసి బిడ్డను తీసినప్పుడు, అది ఎముక దగ్గర ఊడిపోతుంది కూడా. ఉట్టి తాళ్లు సడలితే కుండ కిందికి వేలాడుతుంది. కుండను దించి పక్కన పెట్టినంత మాత్రాన తాళ్లు బిగుసుకోవు. గర్భసంచిని తీసేసి, పైకొనను తిరిగి కట్టకుండా వదిలేస్తే కొన్నేళ్లకు ఆ పైకొనే దిగి రావచ్చు. అప్పుడు చేసే రెండో ఆపరేషన్ మొదటిదానికంటే కష్టం.

ఎంత దిగిందో కొలవడానికి 1996 నుంచి ఒక ప్రామాణిక పద్ధతి ఉంది. యోని ద్వారం దగ్గరి కన్నెపొర అంచును సున్నా గీతగా పెట్టుకుని, గట్టిగా ముక్కమని చెప్పి కొలుస్తారు. జారిన భాగం ఆ గీతకు ఒక సెంటీమీటరు కంటే పైనే ఆగితే మొదటి దశ. గీతకు ఒక సెంటీమీటరు పైకీ ఒక సెంటీమీటరు కిందికీ మధ్యలో ఉంటే రెండో దశ. అంతకు మించి బయటికి వస్తే మూడు. మొత్తం తిరగబడి బయటికి వేలాడితే నాలుగు. 'కొంచెం జారింది', 'బాగా జారింది' అని రాసిన చీటీ పట్టుకుని రెండో అభిప్రాయానికి వెళ్తే ఆ డాక్టరు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

పిల్లల్ని కన్న స్త్రీలను పరీక్షిస్తే చాలామందిలో మొదటి దశో, రెండో దశో కనబడుతుంది. వాళ్లలో బాధ ఉన్నవాళ్లు తక్కువ. ముద్ద సాధారణంగా కన్నెపొర గీత దాటాకే చేతికి, ఒంటికి తెలుస్తుంది. బాధ లేని జారుడుకు వైద్యం అక్కర్లేదు. ఇది క్యాన్సరుగా మారేదీ కాదు. 'ఇప్పుడు తీయించుకోకపోతే క్యాన్సర్ వస్తుంది' అని భయపెట్టి బల్ల ఎక్కించడం తప్పు. తెల్లబట్ట, నడుంనొప్పి జారుడుకు గుర్తులన్నది కూడా నమ్మదగిన మాట కాదు. ఆ రెండిటికీ వేరే కారణాలే ఎక్కువ. వాటికోసం గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఆపరేషన్ తర్వాత కూడా అదే నడుంనొప్పితో తిరిగి రావడం మాకు కొత్త కాదు.

స్కానింగ్ గురించి ఒక మాట. జారుడు తెలిసేది చేతి పరీక్షలో. స్కాన్ రిపోర్టులో కాదు. గర్భసంచి కాస్త పెద్దదిగా ఉందనో, వెనక కొద్దిగా నీరు కనబడిందనో రాసిన రిపోర్టు ఆపరేషన్‌కు కారణం కాదు. స్కాన్ పనికొచ్చేది వేరే చోట: మూత్రం పోసుకున్న తర్వాత మూత్రాశయంలో ఎంత మిగిలిందో చూడటానికి, నాలుగో దశలో కిడ్నీల నుంచి మూత్రాశయానికి వచ్చే నాళాలు మెలిపడి కిడ్నీలు ఉబ్బాయేమో చూడటానికి. ఇంకో చిక్కుంది. పొద్దున ఓపీలో పడుకోబెట్టి చూస్తే చాలామందిలో ఏమీ కనబడదు, 'నీకేం లేదమ్మా' అని పంపేస్తారు. అలాంటప్పుడు నిలబెట్టి దగ్గమని చూడాలి, లేదా పనంతా అయ్యాక సాయంత్రం రమ్మనాలి.

కారణాల్లో కాన్పు అన్నిటికంటే పెద్దది. ఆ తర్వాత ముట్లుడగడం, స్థూలకాయం, ఏళ్లతరబడి దగ్గు, మలబద్ధకం, పుట్టుకతో వదులుగా ఉండే బంధనాలు. కాన్పు గదిలో చేసేవి కొన్ని మన చేతిలో ఉన్నవే: ముఖద్వారం పూర్తిగా తెరుచుకోకముందే ముక్కమనడం, కడుపు మీద నొక్కి బిడ్డను దించడం. ఇలా నొక్కొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే స్పష్టంగా చెప్పింది. సిజేరియన్‌తో జారుడు ముప్పు తగ్గేమాట నిజమే. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఇప్పటికే కోతతో జరుగుతున్నాయి. దాన్ని ఇంకా పెంచడానికి ఇదొక సాకు కాకూడదు. బాలింతకు నడికట్టు కట్టడం తప్పేమీ కాదు గానీ అది అడుగు కండరాలను బిగించదు. కాన్పయిన కొత్తలో కనబడే జారుడు కొన్ని నెలల్లో చాలావరకు సర్దుకుంటుంది. అందుకే కాన్పయిన ఏడాదిలోపు ఆపరేషన్ మాట ఎత్తకపోవడం మంచిది.

రోజువారీ పనుల్లో మార్చుకోవాల్సినవి: పదిహేను లీటర్ల బిందె నిండితే నీళ్ల బరువే పదిహేను కిలోలు. నీళ్ల క్యాను ఇరవై కిలోలు. బియ్యం బస్తా ఇరవై అయిదు. జారుడు బాధపెడుతున్న మనిషి వీటిని ఒంటరిగా ఎత్తకూడదు. ఎత్తక తప్పకపోతే సగం నింపుకుని రెండుసార్లు, ఊపిరి వదులుతూ, ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తాలి. ఊపిరి బిగబట్టి ఎత్తితే ఒత్తిడంతా కిందికే పోతుంది. మలబద్ధకానికి జొన్నరొట్టె, ఆకుకూరలు, పండ్లు, సరిపడా నీళ్లు, చాలకపోతే పడుకునే ముందు గ్లాసు నీళ్లలో ఒక పెద్ద చెంచా ఇసబ్గోలు. కుర్చీ మరుగుదొడ్డి వాడేవాళ్లు కాళ్ల కింద జానెడు ఎత్తు పీట వేసుకుని ముందుకు వంగితే ముక్కే అవసరం తగ్గుతుంది. కింద కూర్చునే దొడ్డి వల్ల జారుతుందన్నది అపోహ; హాని చేసేది కూర్చునే తీరు కాదు, ముక్కడం. కట్టెల పొయ్యి పొగతో, బీడీతో వచ్చే దగ్గును తగ్గించకుండా కింద ఎంత బాగుచేసినా నిలవదు.

అడుగు కండరాల వ్యాయామం పేరు ఈమధ్య అందరికీ తెలిసింది, చేసే తీరు మాత్రం తెలియలేదు. అపానవాయువు నలుగురిలో ఆపుకునేటప్పుడు ఏ కండరం లోపలికి, పైకి లాగుతామో అదే బిగించాలి. తొడలు, పిరుదులు, పొట్ట బిగించకూడదు; ఊపిరి ఆగకూడదు. మొదట మూడు సెకన్లు బిగించి అంతసేపూ వదిలేయాలి. వారాల మీద ఎనిమిది పది సెకన్లకు పెంచుకోవాలి. ఒక విడతకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు, రోజుకు మూడు విడతలు. చివర్లో చకచకా ఓ పదిసార్లు బిగించి వదలాలి. మొదట పడుకుని, అలవాటయ్యాక కూర్చుని, తర్వాత నిలబడి. దగ్గు, తుమ్ము వస్తోందనగానే, బరువు ఎత్తబోయే ముందు ఒకసారి బిగించి పట్టుకోవడం కూడా నేర్చుకోవాలి. అసలు లాభం రోజంతా పనిచేసే ఈ అలవాటుతోనే.

ఇది ఎక్కడ బెడిసికొడుతుందంటే, 'కింద బిగించు' అని నోటితో చెప్పి పంపినప్పుడు కొందరు బిగించే బదులు ముక్కుతారు. నెలల తరబడి రోజుకు మూడు విడతలు ముక్కితే జారుడు పెరగడమే. అందుకే మొదటిసారి డాక్టరో, నేర్చిన ఫిజియోథెరపిస్టో, నర్సో వేలితో పరీక్షించి కండరం పైకి లాగుతోందా లేదా చూడాలి. ఇంట్లో చూసుకోవాలంటే శుభ్రమైన వేలు కొద్దిగా లోపల పెట్టి బిగిస్తే వేలు పైకి పోయినట్టు ఉండాలి, బయటికి తోసినట్టు కాదు. మూత్రం మధ్యలో ఆపి ఆపి అభ్యాసం చేయడం మంచిది కాదు. మొదటి రెండు దశల్లో కనీసం పదహారు వారాలు ఎవరైనా పర్యవేక్షిస్తుండగా చేయాలి. రెండు వారాలు చేసి 'ఏం లాభం లేదు' అనడం తొందరపాటు. 2014లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ఇలా దగ్గరుండి నేర్పిన వాళ్లకు కరపత్రం మాత్రమే ఇచ్చిన వాళ్లకంటే బాధలు తగ్గాయి. అయితే వ్యాయామం మూడో, నాలుగో దశలో బయటికొచ్చిన దాన్ని లోపలికి పంపదు. కండరం ఎముక దగ్గర ఊడినవాళ్లలోనూ ఫలితం తక్కువే. ఇది ముందే చెప్పాలి.

ఇక రింగు. మన దగ్గర అన్నిటికంటే తక్కువ వాడేది, అన్నిటికంటే తక్కువ చెప్పేది ఇదే. రింగు పెస్సరీ అంటే మెత్తగా వంగే సిలికాన్ చక్రం. యోనిలో ముఖద్వారం వెనక నుంచి ముందు జఘనాస్థి వెనక వరకు అడ్డంగా కూర్చుని దిగేదాన్ని పైనే ఆపుతుంది. ఏ దశలోనైనా ప్రయత్నించొచ్చు. మత్తు అక్కర్లేదు, ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు, అమర్చడానికి పది నిమిషాలు. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లకు, గుండెజబ్బో అదుపులో లేని షుగరో ఉండి మత్తు ప్రమాదమైన పెద్దవాళ్లకు, ఆపరేషన్ తేదీ దొరికేదాకా ఆగాల్సినవాళ్లకు, ఆపరేషన్ వద్దనుకునేవాళ్లకు ఇది సరిపోతుంది. బిల్లు పెద్దది కాకపోవడమే దీని దురదృష్టమేమోనని మాలో కొందరి అనుమానం.

కొలత ఇలా తీస్తారు. మూత్రం పోసుకున్నాక రెండు వేళ్లు ముఖద్వారం వెనక దాకా పెట్టి, అక్కణ్నుంచి జఘనాస్థి కింది అంచు దాకా దూరం చూసి, దానికి దగ్గరగా ఉన్న రింగు ఎంచుతారు. సైజు మిల్లీమీటర్లలో ఉంటుంది; ఎక్కువగా వాడేవి 65, 70, 75 లాంటివి. రింగును మధ్యకు మడిచి, కొద్దిగా జెల్లీ రాసి లోపలికి పంపి, వదిలి, కాస్త తిప్పుతారు. సరిపోతే రింగుకూ యోని గోడకూ మధ్య ఒక వేలు తేలిగ్గా తిరుగుతుంది, లోపల ఉన్నట్టే ఆ మనిషికి తెలియదు. తగులుతోందంటే సైజు తప్పినట్టే.

అమర్చగానే పంపేయడం చాలాచోట్ల జరిగే తప్పు. ఆమెను లేపి నడిపించాలి, దగ్గించాలి, కూర్చుని లేవమనాలి, మరుగుదొడ్డికి వెళ్లి మూత్రం పోసుకు రమ్మనాలి. చిన్న రింగైతే అప్పుడే జారిపడుతుంది. పెద్దదైతే నొప్పి, మూత్రం రాకపోవడం. మొదటి సైజు కుదరకపోతే రెండోది, మూడోది పెట్టి చూడటం మామూలే. 'రింగు పనిచేయలేదు' అని మా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరికి అసలు రెండో సైజు పెట్టి చూడనే లేదు. రింగు నిలవకపోవడానికి నిజమైన కారణాలూ ఉన్నాయి: యోని పొడవు ఆరు సెంటీమీటర్లు, అంతకంటే తక్కువ ఉండటం, ద్వారం నాలుగు వేళ్లంత వెడల్పవడం, అంతకుముందే గర్భసంచి తీసేసి ఉండటం. మరీ ఎక్కువ జారినప్పుడు రింగుకు బదులు మధ్యలో కాడ ఉన్న గెల్‌హార్న్ రకం ఆపుతుంది. దాన్ని తీయడం పెట్టడం డాక్టరు దగ్గరే.

రింగును సొంతంగా తీసి పెట్టుకోవడం నేర్పితే మేలు. చేతులు కడుక్కుని, ఒక కాలు పీట మీద పెట్టి లేదా గొంతుక్కూర్చుని, చూపుడు వేలితో అంచు పట్టుకుని కిందికి లాగితే వస్తుంది. వారానికో రాత్రి తీసి, మామూలు సబ్బుతో కడిగి, ఆరబెట్టి పొద్దున పెట్టుకోవచ్చు. డెట్టాల్, వేడి సుగంధ నూనెలు, పసుపు ముద్దలు వద్దు. రింగు ఉండగా దాంపత్యానికి అడ్డు లేదు. వద్దనుకుంటే తీసి పెట్టుకోవచ్చు. 2023లో బ్రిటన్‌లో వచ్చిన అధ్యయనంలో సొంతంగా చూసుకున్నవాళ్ల జీవితం ఆస్పత్రిలో మార్పించుకున్నవాళ్ల జీవితమంత బాగానే ఉంది, ఇబ్బందులు మాత్రం తక్కువ. చేతికి అందనివాళ్లు, ముసలివాళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి వచ్చి తీయించి, కడిగించి, గోడలు చూపించుకుని మళ్లీ పెట్టించుకోవాలి. మొదటిసారి మాత్రం వారం రెండు వారాల్లోనే రావాలి. ముట్లుడిగినవాళ్లలో గోడలు పల్చబడతాయి కాబట్టి వారానికి రెండు రాత్రులు అర గ్రాము ఈస్ట్రోజన్ క్రీము లోపల రాసుకుంటే పుండ్లు తక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు తమ డాక్టరును అడగకుండా అది వాడకూడదు. క్రీముతో జారుడు తగ్గదు, గోడ గట్టిపడుతుందంతే.

కొంచెం తెల్లబట్ట రావడం సహజం. దుర్వాసన, రక్తం, నొప్పి వస్తే రింగు తీసి రెండు మూడు వారాలు ఆపి క్రీము వాడి పుండు మానాక మళ్లీ పెట్టాలి. అసలు భయపడాల్సింది మరిచిపోయిన రింగు. ఏళ్లతరబడి లోపలే వదిలేస్తే గోడలోకి దిగబడి, మూత్రాశయంలోకో మలాశయంలోకో రంధ్రం పడొచ్చు. పాత రకం పీవీసీ రింగులు బిరుసెక్కి త్వరగా ఈ పని చేస్తాయి. వాటిని కొన్ని నెలలకొకసారి మార్చాల్సిందే. కాబట్టి రింగు పెట్టిన తేదీ, సైజు, మళ్లీ రావాల్సిన తేదీ రాసిన చీటీ ఇవ్వని చోట రింగు పెట్టించుకోవద్దు. కారణం తెలియని రక్తస్రావం ఉన్నా, ముట్లుడిగాక రక్తం కనబడినా ముందు దాని సంగతి తేల్చాకే రింగు.

నెదర్లాండ్స్‌లో 440 మంది మీద చేసిన అధ్యయనం 2022లో అచ్చయింది. రెండేళ్ల తర్వాత 'బాగా నయమైంది' అన్నవాళ్లు రింగుతో మొదలుపెట్టినవాళ్లలో 76 శాతం, నేరుగా ఆపరేషన్‌కు వెళ్లినవాళ్లలో 81 శాతం పైన. అయితే రింగుతో మొదలుపెట్టినవాళ్లలో సగానికి కొంచెం ఎక్కువమంది మధ్యలో ఆపరేషన్‌కే మారారు. రింగు అందరికీ చివరిదాకా సరిపోతుందని మేం అనడం లేదు. ఒకసారి పెట్టి చూస్తే పోయేదేమీ లేదు, కుదిరినవాళ్లకు కోత తప్పుతుంది అంటున్నాం.

ఆపరేషన్ అవసరమైనవాళ్లూ ఉన్నారు, వాళ్లను ఆపడం మా ఉద్దేశం కాదు. రింగు నిలవకపోతే, మూడు నాలుగు దశల్లో బయటే ఉండి రాపిడికి పుండు పడుతుంటే, మూత్రం పూర్తిగా రాక ఇన్ఫెక్షన్లు వస్తుంటే ఆపరేషనే మేలు. పుండు ఉన్నప్పుడు మాత్రం ముందు జారిన భాగాన్ని లోపలికి పంపి, గ్లిజరిన్-యాక్రిఫ్లేవిన్ మందులో తడిపిన గుడ్డ ప్యాకింగో, రింగో పెట్టి, ఈస్ట్రోజన్ క్రీముతో దాన్ని మాన్పాలి. వారాలు గడిచినా మానకపోతే ముక్క తీసి పరీక్షకు పంపాలి.

సంతకం పెట్టే ముందు అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న: 'పైకొనను దేనికి కట్టబోతున్నారు?' గర్భసంచిని కింద నుంచి తీసినప్పుడు త్రికాస్థి వైపు బంధనాలకైనా, కటి లోపలి సాక్రోస్పైనస్ బంధనానికైనా యోని పైకొనను కుట్టాలి. ముందుగోడ, వెనకగోడ వదులుంటే వాటినీ సరిచేయాలి. అనుమతి పత్రంలో 'గర్భసంచి తొలగింపు' అని ఒక్క మాటే ఉండి, కట్టే సంగతి లేకపోతే సగం పనే చేస్తున్నారేమో అడిగి తెలుసుకోవాలి. పొట్ట కోసి గర్భసంచి మాత్రం తీసేయడం జారుడుకు వైద్యం కానే కాదు.

గర్భసంచిని ఉంచి కూడా పైకి కట్టొచ్చు. ఈ విషయంలో మన దేశం వెనకబడిందేమీ కాదు. బొంబాయిలో పనిచేసిన స్త్రీవైద్యుల్లో శిరోద్కర్ టేపుతో ముఖద్వారాన్ని వెనక త్రికాస్థి అంచుకు కట్టే పద్ధతిని, పురందరే ముందు పొట్టగోడకు కట్టే పద్ధతిని తెచ్చారు; పిల్లలు కావాల్సిన చిన్నవయసు స్త్రీలకు ఇవి తరతరాలుగా చేస్తున్నవే. నెదర్లాండ్స్‌లోనే 208 మంది మీద జరిగిన మరో అధ్యయనంలో గర్భసంచిని ఉంచి సాక్రోస్పైనస్ బంధనానికి కుట్టినవాళ్లలో ఐదేళ్లకు పైకొన మళ్లీ జారి బాధపెట్టడమో, దానికి మళ్లీ ఆపరేషన్ కావడమో 1 శాతం మందిలో. తీసేసి కట్టినవాళ్లలో దాదాపు 8 శాతంలో. ఉంచుకోవాలనుకుంటే ముందు ముఖద్వారం స్మియర్ పరీక్ష (క్యాన్సర్ జాడ ఉందేమో చూసేది) సరిగా ఉండాలి, ముట్లుడిగాక రక్తస్రావం ఉండకూడదు. దాంపత్యం అక్కర్లేని, ఒంట్లో శక్తి లేని పెద్దవాళ్లకు యోనిని లోపల కుట్టి మూసేసే చిన్న ఆపరేషన్ ఉంది. త్వరగా కోలుకుంటారు, మళ్లీ జారడం అరుదు.

మరికొన్ని సంగతులు ముందే మాట్లాడుకోవాలి. జారుడుతోపాటు అండాశయాలను కూడా 'ఎలాగూ తీస్తున్నాం కదా' అని తీసేయకూడదు; ముట్లుడగని స్త్రీకి అవి పోతే ఎముకలు, గుండె దెబ్బతినే ముప్పు పెరుగుతుంది. యోని గోడల్లో ప్లాస్టిక్ వల (మెష్) పెట్టే ఆపరేషన్ అంటే ఒప్పుకోవద్దు. ఆస్ట్రేలియా 2017లో అలాంటి వలలను నిలిపేసింది, అమెరికా 2019 ఏప్రిల్‌లో అమ్మకం ఆపించింది. పొట్ట వైపు నుంచి త్రికాస్థికి వలతో కట్టే పద్ధతి వేరు, అది ఇంకా వాడుకలో ఉంది. ఇంకోటి: జారిన మూత్రాశయం వల్ల మూత్రం బయటికి వచ్చే నాళం మెలిపడి ఉండొచ్చు. రింగుతోనో, ఆపరేషన్‌తోనో దాన్ని నిటారు చేయగానే అంతకుముందు లేని లీకు దగ్గినప్పుడు మొదలవ్వొచ్చు. ముద్దను పైకి నెట్టి పట్టుకుని దగ్గించి చూస్తే ఇది ముందే బయటపడుతుంది.

ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు ఐదు కిలోలకు మించి ఎత్తకూడదు. అంటే నిండు బిందె, ఏడాది దాటిన పిల్లాడు రెండూ వద్దు. దాంపత్యం కూడా ఆరు వారాలాగాలి. విరేచనం మెత్తగా ఉండేందుకు మందు మొదటి రోజు నుంచే వాడాలి. కొద్దిపాటి రక్తం, తెల్లబట్ట కొన్ని వారాలు వస్తాయి. జ్వరం, గడ్డలుగా రక్తం, మూత్రం ఆగిపోవడం, కాలిపిక్క వాచి నొప్పిపుట్టడం కనబడితే ఆ పూటే వెళ్లాలి. ఆపరేషన్ కానివాళ్లలోనూ బయటికొచ్చిన ముద్ద లోపలికి పోకుండా బిగుసుకుని నొప్పిగా, నల్లగా మారినా, మూత్రం అసలు రాకపోయినా తెల్లారేదాకా ఆగకూడదు.

2019-21 సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 8 శాతం పైన. అందులో ఎక్కువ భాగం అధిక రక్తస్రావం పేరుతో జరిగినవి, జారుడు వాటా తక్కువే. అయినా 'తీసేస్తే పోతుంది' అనే అలవాటు ఒకటే. అనవసర గర్భసంచి ఆపరేషన్ల మీద కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలకు చెప్పింది. మన రెండు రాష్ట్రాల్లో అది ఏ జిల్లా దాకా దిగిందో మీ విలేకరులు ఆరా తీస్తే బాగుంటుంది.

ఆరోగ్య శాఖలను మేం అడిగేవి పెద్దవేమీ కావు. ప్రతి జిల్లా ఆస్పత్రిలో, ఏరియా ఆస్పత్రిలో 60 నుంచి 85 మిల్లీమీటర్ల దాకా సిలికాన్ రింగులు ఒక్కో సైజుకు కొన్ని చొప్పున ఉంచాలి. ఒకే సైజు పెట్టెడు కొంటే సగం వృథా. వారానికి ఒక పూట, వీలైతే మధ్యాహ్నం తర్వాత, స్త్రీలకే కేటాయించిన కటి ఓపీ నడపాలి, అందులో ఒక ఫిజియోథెరపిస్టు ఉండాలి. ఆశా కార్యకర్తలు కాన్పు తర్వాత 42వ రోజు ఇంటికి వెళ్లినప్పుడు బిడ్డ బరువుతోపాటు తల్లిని రెండు ప్రశ్నలు అడగాలి: 'కింద ఏమైనా తగులుతోందా? దగ్గితే మూత్రం పడుతోందా?' మగవాళ్లు, అత్తగారు పక్కనుండగా అడిగితే జవాబు రాదు కాబట్టి ఆమెతో విడిగా అడగాలి. రింగు పెట్టించుకున్నవాళ్ల పేర్లు ఆ ఊరి ఏఎన్ఎం రిజిస్టరులో రాసి, మూడో నెలలో రాకపోతే ఫోన్ చేసి పిలిపించాలి.

ఇట్లు,
స్త్రీవైద్యం, ఫిజియోథెరపీ, నర్సింగ్ రంగాల్లో పనిచేస్తున్న కొందరు